ముత్యంపేట చక్కెరతో పాటు కరెంటూ ఇవ్వాలి

కొండగట్టు గుట్ట దిగి జగిత్యాల బాట పట్టినా, కరీంనగర్ వైపు మళ్లినా బాయిల్డ్ రైస్ మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తూనే ఉంటాయి. వడ్లు నానబెట్టడానికి వేడినీళ్లు కావాలి, ఉడికించడానికి ఆవిరి కావాలి, ఆరబెట్టడానికి వేడిగాలి కావాలి. ఈ మూడింటికీ మిల్లులోనే వచ్చే ఊకను బాయిలర్‌లో మండిస్తారు. అదే మిల్లులో పొట్టు తీసే యంత్రాలు, పాలిష్ యంత్రాలు, ఎలివేటర్లు, బ్లోయర్లు తిరగడానికి మాత్రం హెచ్‌టీ కనెక్షన్ మీద కరెంటు కొంటారు. ఆ కరెంటులో పెద్ద వాటా మరెక్కడో బొగ్గు కాల్చి తీసిందే. ఒక్క మిల్లు నడవడానికి రెండు చోట్ల పొయ్యి వెలుగుతోంది.

పక్క జిల్లాలోని రామగుండం ఎన్టీపీసీనే తీసుకోండి. 2,600 మెగావాట్ల ఆ కేంద్రంలో బొగ్గు ఇచ్చే వేడిలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలిన వేడి కొంత పొగగొట్టం దారిన, చాలావరకు చల్లబరిచే నీటి దారిన పోతుంది. అందులో అక్కడి ఇంజనీర్ల తప్పేమీ లేదు. ఆవిరితో టర్బైన్ తిప్పే ఏ కేంద్రానికైనా ఆ హద్దు ఉంది. ఆ వేడిని వాడుకునేవాళ్లు పక్కనే ఉంటే లెక్క మారిపోతుంది. ఆవిరిని ఎక్కువ ఒత్తిడి మీద పుట్టించి, ముందు టర్బైన్ తిప్పించి, ఒత్తిడి తగ్గి బయటికొచ్చిన ఆవిరితో వడ్లు ఉడికిస్తే, చెరకు రసం కాగబెడితే, నూలుకు రంగు వేస్తే ఇంధనంలోని వేడి 70-80 శాతం దాకా అక్కరకొస్తుంది. దీన్నే కో-జనరేషన్ అంటున్నారు. 1973 చమురు సంక్షోభం తర్వాత డెన్మార్క్ ఈ దారిలోనే విద్యుత్ కేంద్రాల వేడిని పైపుల గుండా ఇళ్లకు చేర్చింది, 1979లో అందుకోసం చట్టమే చేసింది. మనకు ఇళ్లు వెచ్చబెట్టే అవసరం లేదు. మనకు వేడి కావలసింది మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో.

ఈ విషయంలో మనం చూడాల్సిన దేశం మారిషస్. విస్తీర్ణం 2,040 చదరపు కిలోమీటర్లు, దాదాపు మన రాజన్న సిరిసిల్ల జిల్లా అంత. బొగ్గు గనులు లేవు, చమురు లేదు, కరువొస్తే కరెంటు అరువిచ్చే పొరుగు రాష్ట్రం లేదు. 1830ల నుంచి కోరంగి రేవులో ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు ఆ దీవి చెరకు తోటల్లో నడుము వంచి పనిచేశారు. వాళ్ల సంతతికి ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. ఆ చెరకే ఇప్పుడు దీవికి కరెంటు కూడా ఇస్తోంది.

1957లో సెయింట్ ఆంట్వాన్ చక్కెర ఫ్యాక్టరీ తన అవసరాలు పోను మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్మడంతో ఇది మొదలైంది. మూడు దశాబ్దాలు నత్తనడకే. క్రషింగ్ సాగిన రోజుల్లో, అదీ మిగిలినప్పుడే ఇచ్చే కరెంటుకు విలువెంత ఉంటుంది? 1991లో ప్రభుత్వం చెరకు పిప్పి విద్యుత్తుకు ప్రత్యేక కార్యక్రమం ప్రకటించాక కథ మారింది. పాత బాయిలర్లు పోయి అధిక ఒత్తిడి బాయిలర్లు వచ్చాయి. 2000లో బెల్ వ్యూలో మొదలైన 70 మెగావాట్ల కేంద్రం బాయిలర్ ఒత్తిడి 82 బార్లు. ఒకప్పుడు ఇరవైకి పైగా ఉన్న ఫ్యాక్టరీలు కలిసిపోయి మూడుకు తగ్గాయి. ఐరోపా సమాఖ్య 2006 నుంచి చక్కెర కొనుగోలు ధరను 36 శాతం కోసేసినప్పుడు ఆ పరిశ్రమ కుప్పకూలకుండా నిలబెట్టిన వాటిలో కరెంటు రాబడి ఒకటి.

యంత్రాల కంటే అక్కడి ఒప్పందాలే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నాయి. ప్రభుత్వ విద్యుత్ బోర్డు దీర్ఘకాలానికి ధర కట్టి కొంటానని సంతకం పెట్టింది. ఆ కాగితం చూసే బ్యాంకులు అప్పులిచ్చాయి. 1994లో ఏర్పడ్డ షుగర్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు ద్వారా చెరకు రైతులకు, ఫ్యాక్టరీ కార్మికులకు మిల్లుల్లోనూ విద్యుత్ కేంద్రాల్లోనూ వాటాలు దక్కాయి. పిప్పికి రైతు కూడా హక్కుదారేనని ఒప్పుకున్న దేశం అది.

వాళ్ల నుంచి నేర్చుకోకూడనిదీ ఒకటుంది. చెరకు కోతలు ఏడాదిలో సగం కాలమే. మిగతా సగం ఆ బాయిలర్లలోనే దిగుమతి బొగ్గు పోశారు. చూస్తుండగానే పిప్పి వెనకబడి బొగ్గు ముందుకొచ్చింది. పిప్పి వాటా మంచి ఏళ్లలోనూ దేశ విద్యుత్తులో ఆరో వంతు దగ్గరే ఆగిపోతే, బొగ్గు వాటా 40 శాతం దాకా పోయింది. 2030 నాటికి బొగ్గు మానేస్తామని ఆ దేశం 2021లో ప్రకటించుకుంది. ఆఫ్ సీజన్‌లో ఏం మండించాలో ముందే తేల్చుకోకపోతే మన గతీ అంతే.

ఇక మన ముత్యంపేట. మెట్‌పల్లి చక్కెర ఫ్యాక్టరీగా ఈ ప్రాంతానికంతా తెలిసిన ఈ యూనిట్ నిజాం షుగర్స్‌లో భాగం. 1930ల చివర్లో బోధన్‌లో పుట్టిన ఆ సంస్థను 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి మార్చారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి మూడూ మూతపడ్డాయి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. కోరుట్ల, మెట్‌పల్లి, మల్లాపూర్, ఇబ్రహీంపట్నం మండలాల చెరకు రైతుల్లో కొందరు లారీ కిరాయిలు భరిస్తూ కామారెడ్డి వైపు పంట పంపారు. ఎక్కువమంది చెరకు వదిలేసి వరికి, పసుపుకు, మక్కకు మళ్లారు. గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే యువకులకు ఈ ఊళ్లలో ఎప్పుడూ కొదవ లేదు. ఫ్యాక్టరీ ఆగాక ఇంటి దగ్గర దొరికే జీతం ఇంకొకటి తగ్గింది. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణకు కమిటీ వేసినప్పటి నుంచి ఈ ప్రాంతం మళ్లీ ఆశతో చూస్తోంది.

ఆ ఆశ నిలబడాలంటే పాత ఫ్యాక్టరీని పాత పద్ధతిలో తెరిస్తే చాలదు. ఒక టన్ను చెరకు ఆడితే దాదాపు 300 కిలోల తడి పిప్పి వస్తుంది. 20 బార్ల ఒత్తిడితో నడిచే పాతకాలం బాయిలర్లు ఆ పిప్పినంతా మింగి ఫ్యాక్టరీ అవసరాలు తీర్చడంతోనే సరిపెడతాయి. నిజానికి అవి అలా తగలబెట్టడానికే కట్టినవి, పిప్పి గుట్టలు పేరుకోకుండా. 67 బార్లు, 87 బార్ల బాయిలర్లతో అదే పిప్పి నుంచి సొంత వాడకం పోను టన్ను చెరకుకు 100 యూనిట్ల దాకా గ్రిడ్‌కు అమ్ముకోవచ్చు. రోజుకు 2,500 టన్నులు ఆడే మధ్యస్థాయి ఫ్యాక్టరీ అనుకుందాం. రోజుకు రెండున్నర లక్షల యూనిట్లు, అంటే నికరంగా 10 మెగావాట్లు. 120 రోజుల సీజన్‌కు 3 కోట్ల యూనిట్లు. చక్కెర ధర పడిపోయిన ఏడాది రైతు బకాయి తీర్చడానికి ఆ సొమ్ము అక్కరకొస్తుంది. ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక ఫ్యాక్టరీలు ఈ పని ఎప్పుడో చేశాయి. దేశంలో పిప్పి ఆధారిత సామర్థ్యం 9,000 మెగావాట్లు దాటింది.

మరి రైతుకేంటి? ఎఫ్‌ఆర్‌పీ అన్నది చెరకులో చక్కెర శాతాన్ని బట్టి కేంద్రం కట్టే ధర. పిప్పి నుంచి వచ్చే కరెంటు సొమ్ముకు ఆ లెక్కలో నేరుగా చోటు లేదు. 2012లో రంగరాజన్ కమిటీ చక్కెరతో పాటు పిప్పి, మొలాసిస్, మడ్డి రాబడిలోనూ 70 శాతం రైతుకు చెందాలని, లేదంటే చక్కెర రాబడి ఒక్కదానిలోనే 75 శాతం ఇవ్వాలని సిఫారసు చేసింది. 2015 చివరి నుంచి ఫ్యాక్టరీ లేక చెరకు మరిచిపోయిన రైతును మళ్లీ ఆ పంటకు రప్పించాలంటే మాటలు సరిపోవు. ముత్యంపేటలో కరెంటు రాబడి వాటాను ఒప్పందంలో రాసివ్వాలి. అది రైతుపై దయ కాదు, ఆయన పొలం నుంచి వచ్చిన ఇంధనానికి వెల.

రైస్ మిల్లుల సంగతి ఇంత సూటిగా లేదు. వంద టన్నుల వడ్లు ఆడితే 20 టన్నులకు పైగా ఊక వస్తుంది. గంటకు 5 టన్నుల ఆవిరి వాడే మిల్లు, ఆ ఆవిరిని 30 బార్ల మీద పుట్టించి చిన్న టర్బైన్ దాటించి 3 బార్ల దగ్గర వడ్ల ట్యాంకుల్లోకి పంపితే, లెక్క ప్రకారం 300 కిలోవాట్లకు అటూ ఇటూ కరెంటు వస్తుంది. మిల్లు సొంత అవసరంలో పెద్ద భాగం దాంతోనే తీరుతుంది. ఇంత చిన్న టర్బైన్లు మన దేశంలోనే తయారవుతున్నాయి. అయినా మిల్లర్లు ముందుకు రాకపోవడానికి కారణాలు బలమైనవే. ఊకకు ఇప్పుడు బయట గిరాకీ ఉంది, ఇటుక బట్టీల వాళ్లు కొంటారు. 30 బార్ల బాయిలర్‌కు నీటిని శుద్ధి చేయాలి, అర్హత ఉన్న బాయిలర్ ఆపరేటర్ కావాలి. అన్నిటినీ మించి, ఉప్పుడు బియ్యం కొంటారో కొనరో తెలియదు. యాసంగి వడ్లు ఎండలకు నూకవుతాయి కాబట్టి ఇక్కడ ఉడకబెట్టక తప్పదు. 2021-22లో ఉప్పుడు బియ్యం ఇక తీసుకోబోమని కేంద్రం అనడం, రాష్ట్రం నిలదీయడం, మధ్యలో కొనుగోలు కేంద్రాల దగ్గర రైతులు కుప్పలకు కాపలా కాయడం అందరికీ గుర్తుంది. రా రైస్ మిల్లుకు ఆవిరితో పని లేదు. ఆవిరి వాడకమే అనుమానమైన చోట టర్బైన్‌కు ఎవరు పెట్టుబడి పెడతారు? కాబట్టి ఇది విద్యుత్ శాఖ ఒక్కటే తేల్చే వ్యవహారం కాదు, బియ్యం సేకరణ విధానంతో ముడిపడి ఉంది. కనీసం పదేళ్లకు ఉప్పుడు బియ్యం కోటా ఎంతో చెప్పగలిగితే మిల్లర్ల అడుగు పడుతుంది.

మిల్లుల మిగులు కరెంటు కొనే విషయంలో సిరిసిల్లకు ఓ అనుకూలత ఉంది. 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట్లో సెస్, ఇప్పటికీ నడుస్తోంది. దేశంలో మొదట పెట్టిన గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో ఇదొకటి. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని వాళ్లే ఎన్నుకుంటారు. డిస్కం దగ్గర టోకున కొని పల్లెలకు, మరమగ్గాలకు పంచుతుంది. స్థానిక మిల్లుల మిగులు కరెంటును న్యాయమైన ధరకు తీసుకునే సంఘం కావాలంటే ఇంతకంటే తగినది తెలంగాణలో లేదు. సిరిసిల్లలోని నూలు సైజింగ్, డైయింగ్ యూనిట్లకూ ఆవిరి కావాలి. ఒక్కో యూనిట్ ఒక్కో చిన్న బాయిలర్ పెట్టుకుని మండించే కంటే, పక్కపక్కన ఉన్న యూనిట్లన్నిటికీ కలిపి ఒక పెద్ద బాయిలర్, ఒక టర్బైన్ పెట్టి ఆవిరిని పైపుల్లో పంచడం మేలు. ఖర్చూ తగ్గుతుంది, ఊరి మీద పొగా తగ్గుతుంది.

చట్టంలో దారి లేదనడానికి వీల్లేదు. 2003 విద్యుత్ చట్టం 86(1)(ఇ) సెక్షన్ కో-జనరేషన్‌ను ప్రోత్సహించే బాధ్యతను రాష్ట్ర నియంత్రణ మండళ్లకే అప్పగించింది. కొరవడింది నమ్మకం. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో బయోమాస్, పిప్పి విద్యుత్ కొనుగోలు ధరలను సవరించడంతో రేగిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2010లో గానీ తీర్పు రాలేదు. ధర మధ్యలో మారుతుందన్న భయం అప్పటి నుంచి పెట్టుబడిదారుల్లో నాటుకుపోయింది. మారిషస్‌తో పోల్చితే మనం వెనకబడింది ఇక్కడే.

ఆఫ్ సీజన్ ఇంధనం విషయంలో మనకు వెసులుబాటు ఉంది. యాసంగి కోతలయ్యాక పొలాల్లో అంటుపెట్టే వరిగడ్డి, పత్తి కట్టె, మక్క బెండ్లు ఈ జిల్లాల్లోనే దొరుకుతాయి. వాటిని సేకరించి, మూటలు కట్టి, వానకు తడవకుండా నిల్వచేయడానికి అయ్యే ఖర్చే పెద్ద సమస్య. దీని మీద పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం, కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో 2007 నుంచి నడుస్తున్న జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల కలిసి పనిచేయాలి. ఏ మిల్లులో ఎంత ఆవిరి వృథా అవుతోందో కొలిచి చెప్పడానికి హైదరాబాద్ నుంచి సలహాదారులు రానక్కర్లేదు. ఆ కళాశాల మెకానికల్, ఎలక్ట్రికల్ విద్యార్థులకు చివరి ఏడాది ప్రాజెక్టుగా ఇదే ఇవ్వొచ్చు.

ముత్యంపేటకు సమగ్ర నివేదిక తయారయ్యే రోజున రైతు సంఘాలు, ఎమ్మెల్యేలు, అధికారులు ముందుగా చూడాల్సింది బాయిలర్ ఒత్తిడి ఎన్ని బార్లని రాశారో. బాయిలర్ ఒకసారి దిగితే పాతికేళ్లు కదలదు. ఖర్చు తగ్గించుకుందామని పాత బాయిలర్లకే మరమ్మతులు చేయించి క్రషింగ్ మొదలుపెడితే, చక్కెర ధర పడ్డ మొదటి సీజన్‌లోనే ఫ్యాక్టరీ మళ్లీ రైతుకు బాకీ పడుతుంది.