గట్టి ఫోనుతో కాపురము



గృహోపకరణములను గూర్చిన యీ శీర్షికయందు ఇంతవఱకు విస్తారముగా వంటయింటి వస్తువులనే ముచ్చటించుచు వచ్చితిమి. ఈ మాసమున గడప దాటి పొలమునకును, చెఱువుగట్టునకును, సంతకును మనతో వచ్చెడి యొక వస్తువును గూర్చి వ్రాయుచున్నాము. ఎండకు, వానకు, దుమ్మునకు, దెబ్బకు తాళునట్లు ప్రత్యేకముగా నిర్మించిన స్మార్టుఫోనే యది. అంగళ్ళలో దీనిని రగ్గెడ్ ఫోనందురు. మనము గట్టి ఫోనందము.

ఇది కొన్నచో ఇక పగులుట, తడియుట యను బాధలే యుండవని కొందఱును, ఇదంతయు వర్తకుల మాయయేయని కొందఱును చెప్పుచుందురు. ఈ రెండును నిజము కావు. ఇది మంచి పనిముట్టు. కాని కొడవలికి పదును పెట్టుకొనవలసినట్లే దీనికిని కొంత పరిచర్య చేయవలయును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇది ఎవరి చేతిలో నుండవలయునో ఇంటిల్లిపాదియు కూర్చుండి యోచింపవలయును.

దీని రూపు

చూచుట కీ ఫోను నాజూకుగా నుండదు. సాధారణమైన ఫోను సన్నని అద్దపుబిళ్ళవలె నుండగా ఇది ఇటుకముక్కవలె నుండును. నాలుగు మూలలను దళసరి రబ్బరు కప్పియుండును. బోరగిల పడినను అద్దము నేలను తాకకుండునట్లు అంచులు కొంచెము ఎత్తుగా నుండును. పలు రకములలో ఛార్జి పెట్టు రంధ్రమునకు రబ్బరు మూత యుండును. సాధారణమైన ఫోను ఇంచుమించు 200 గ్రాములు తూగగా, ఇది 300 మొదలు 400 గ్రాములు తూగును. పెద్ద బ్యాటరీ గలవి అరకిలోను గూడ మించును. బ్యాటరీ 10,000 మిల్లీయాంపియర్ గంటలును, అంతకు మించియు గల రకములున్నవి. అట్టివి ఒకమాఱు ఛార్జి చేసినచో రెండు మూడు దినములు వచ్చును. తుపానుకు కరెంటు స్తంభములు కూలిన దినములలో ఆ బరువు ఎంత విలువైనదో తీరప్రాంతపు సోదరీమణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

పెట్టెమీది ముద్రల యర్థము

పెట్టెమీద ఐపీ 68 అనియో, ఐపీ 69 అనియో అచ్చువేసి యుందురు. ఇవి అంతర్జాతీయముగా నేర్పడిన కొలతలు. మొదటి అంకె ధూళిని గూర్చియు, రెండవ అంకె నీటిని గూర్చియు చెప్పును. మొదటిది 6 అయినచో ధూళి లోపలికి చొరదని యర్థము. రెండవది 7 అయినచో ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషములు మునిగియున్నను చెడదని యర్థము. 8 అయినచో పరీక్ష అంతకంటె కఠినము. ఎంత లోతున, ఎంతసేపన్నది తయారీదారుడే తెలుపవలయును. 9 అనునది సుమారు 80 డిగ్రీల వేడినీటిని మిక్కిలి వేగముతో చిమ్మి చేయు పరీక్ష. చిమ్మిన నీటికి తాళినది మునుగుటకును తాళునని యెంచరాదు. రెండింటికిని తాళవలెనన్నచో రెండు ముద్రలును ఉన్నవేమో చూచుకొనవలయును.

ఒక్క సంగతి మఱువరాదు. ఈ పరీక్షలు క్రొత్త ఫోనునకు, మంచినీటితో చేయునవి. సముద్రపు ఉప్పునీరు, బట్టలు నానబెట్టిన సబ్బునీరు, పురుగుమందు కలిపిన నీరు వీని లెక్కలోనికి రావు. రబ్బరు కాలక్రమమున బిరుసెక్కును. ఒక పెద్ద దెబ్బ తగిలినచో అతుకులు సడలును. కావున మొదటి దినమున నీట మునిగినను చెడని ఫోను మూడవ యేట ఒక్క వానకే చెడవచ్చును.

రెండవ ముద్ర మిల్‌ ఎస్‌టీడీ 810 హెచ్‌ అనునది. ఇది అమెరికా సైన్యము తన సామగ్రిని పరీక్షించుటకై 1962లో మొదట ఏర్పఱచిన పద్ధతి. ఇప్పటి హెచ్‌ కూర్పు 2019లో వెలువడెను. ఇందలి పడవేత పరీక్షయందు వాడుకగా వస్తువును 122 సెంటీమీటర్ల యెత్తునుండి అన్ని ముఖములు, అంచులు, మూలలు తగులునట్లు 26 మాఱులు వదలుదురు. మన వాకిటి కడపబండ పరీక్షశాల కాదని గుర్తుంచుకొనవలయును. మఱియు సైన్యమేమియు ఈ ఫోనులను పరీక్షించి ముద్ర వేయదు. తయారీదారులే తమకు వలసిన పరీక్షలను ఏరుకొని చేయించుకొందురు. కనుక ఏయే పరీక్షలు చేసిరో విడివిడిగా వ్రాసిన ఫోనును నమ్మవచ్చును గాని వట్టి పేరు చూచి మురియరాదు.

అద్దము కూడ అట్టిదే. దెబ్బకు తాళు అద్దము గీతకు తాళుననుకొనరాదు. ఇసుకలో నుండు పలుగురాతి రేణువులు అద్దముకంటె కఠినములు. కావున ఇసుక అంటిన ఫోనును కొంగుతో రుద్దరాదు. ముందు ఊది గాని, నీటితో కడిగి గాని, పిమ్మట తుడువవలయును.

ఎచ్చట దాచుకొందుము?

ఈ ఫోనులను చేయువారు చొక్కాజేబులను, షరాయిజేబులను తలచుకొని చేసిరి కాబోలు! చీర కట్టుకొని నాట్లు వేయు స్త్రీకి అరకిలో యిటుకను ఎచ్చట దోపుకొనవలెనో తోచదు. రొంటిన దోపుకొన్నచో వంగినప్పుడు జాఱిపడును. గట్టుమీద పెట్టినచో కన్ను దానిమీదనే యుండును. మన పెద్దలు వక్కాకు సంచిని రొంటిన కట్టుకొన్నట్లే దీనికిని ఒక సంచి కుట్టుకొనుట మేలు.

ముతక కాన్వాసు గుడ్డను 13 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవుగా కత్తిరింపుడు. క్రింది 20 సెంటీమీటర్లు ముందుభాగము, నడిమి 20 వెనుకభాగము, మిగిలిన 10 మూత. ముందుభాగపు అంచు నొకమాఱు మడిచి కుట్టి, గుడ్డను మడతపెట్టి రెండు ప్రక్కలను రెండు వరుసలుగా కుట్టవలెను. మూతకు పెద్ద గుండీ యొకటి చాలును. వెనుకవైపున రెండంగుళముల వెడల్పు పట్టీని కుట్టినచో నడుమునకు కట్టుకొనవచ్చును. మామూలు గట్టి ఫోను ఇందులో నిమిడిపోవును. మఱీ దళసరి రకమైనచో వెడల్పును రెండు సెంటీమీటర్లు పెంచుకొనుడు. మెడలో త్రాడుతో వ్రేలాడదీయుట మాత్రము కూడదు. నూర్పిడి యంత్రము, చాఫ్‌ కట్టరు మొదలగువాని దగ్గఱ మెడలోని త్రాడు ప్రాణాపాయము తెచ్చును.

నిత్యపరిచర్య

బురద యంటినప్పుడు ముందుగా రంధ్రపు మూతను గట్టిగా నొక్కి చూచి, కుళాయి సన్నని ధారక్రింద మంచినీటితో కడుగవలయును. రొయ్యల చెఱువుల వద్దను, సముద్రతీరమునను పనిచేయువారు ప్రతి సాయంకాలమును ఇట్లు చేయుట మంచిది. ఉప్పు ఎండినచో రబ్బరు సందులలో గట్టిపడి మూత సరిగా కూర్చొనదు. పిమ్మట మెత్తని గుడ్డతో ఒత్తి, రంధ్రము క్రిందివైపుండునట్లు గాలికి ఆరబెట్టవలెను. పూర్తిగా ఆఱక ఛార్జి పెట్టరాదు. బియ్యపు డబ్బాలో పెట్టుట అందఱును చెప్పెడి వైద్యమే గాని దానివలన లాభము లేదు. పైపెచ్చు తవుడు, నూక రంధ్రములలో చేరును. మాట వినబడు సన్నని రంధ్రములలో పిన్నీసు పెట్టి పొడువరాదు. లోపలి పలుచని పొర చినిగినచో నీటికి దారి తీసినట్లే.

తడిచేతితో తాకినచో తెర సరిగా పలుకదు. అది వ్రేలి స్పర్శవలన విద్యుత్తులో కలుగు మార్పును గ్రహించునట్టిది; నీటిబొట్టును గూడ వ్రేలనుకొని తికమకపడును. అందుచే ప్రక్కమీటతో పిలుపునందుకొనునట్లును, ధ్వనిమీటతో ఫోటో తీయునట్లును ముందే అమర్చుకొనవలయును.

వానకంటె ఎండయే దీనికి పెద్ద శత్రువు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయరాదు; ఆ వేడి దానికి ఆయుఃక్షీణము. రోహిణీకార్తె యెండలో గట్టుమీద వదలిన ఫోను తనంతట తానే తెర వెలుగు తగ్గించుకొనును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. చెట్టునీడన, తడిగుడ్డ చుట్టిన నీళ్ళకూజా సమీపమున ఉంచుట మేలు. వేడియన్నపు క్యారియరు సంచిలో మాత్రము వేయకుడు.

ఆపదలో దీని యుపకారము

ఉపగ్రహములవలన మనమున్న తావును తెలిసికొనుటకు సిగ్నలు అక్కఱలేదు. మీ మండలపు పటమును ఇంట నున్నపుడే ఫోనులోనికి దింపుకొన్నచో అడవిదారిలోను అది చూపును. కాని సిగ్నలు లేనిచోట గట్టి ఫోనైనను సాధారణముగా మనుష్యుని మాట వినిపింపజాలదు. కావున ఎచ్చటికి పోవుచున్నదియు ఇంట చెప్పి పోవుటయే మొదటి రక్షణ. దేశమంతట అత్యవసర సహాయమునకు 112 అను సంఖ్య కలదు. మన దేశమున 2017 నుండి అమ్ముడుపోవు ఫోనులలో మీట నొక్కి సహాయము కోరు ఏర్పాటుండవలయునని నియమము చేసిరి. మీ ఫోనులో అది యేరీతి నున్నదో, పనిచేయునట్లు అమరియున్నదో తీరికవేళ చూచి యుంచుకొనుడు. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వారి దామిని యను యాప్‌ చుట్టుప్రక్కల పిడుగుల జాడ తెలుపును. తొలకరి దినములలో పొలమున నుండువారికి మిక్కిలి ఉపయోగకరము.

ఫోను పొలములో పోయినచో వెదకుటకై *#06# నొక్కగా వచ్చు 15 అంకెల సంఖ్యను ఇంట పుస్తకములో వ్రాసి యుంచుడు. 2023 నుండి దేశమంతటను అమలులోనికి వచ్చిన సంచార్‌ సాథీ ఏర్పాటు ద్వారా ఆ సంఖ్యతో పోయిన ఫోనును ఇతరులు వాడకుండ నిలుపుదల చేయించవచ్చును.

కొనుటకు ముందు

అందఱకును ఇది అవసరము కాదు. బడికి, బజారుకు పోయి వచ్చువారికి సాధారణ ఫోనుకు దళసరి తొడుగు వేసిన చాలును; ఇప్పుడు సాధారణ ఫోనులలోనే ఐపీ 68 గలవి అనేకములు. గట్టి ఫోను కొనువారు మూడు ప్రశ్నలు తప్పక అడుగవలయును. పగిలిన తెర, వాడిన బ్యాటరీ మార్చువారు సమీపపట్టణమున నున్నారా? భద్రతకు సంబంధించిన సాఫ్టువేరు మార్పులు ఎన్ని యేండ్లు పంపుదురు? విదేశమునుండి తెచ్చినదైనచో మన కంపెనీల సిగ్నలు అందుకొనునా? రెండవ ప్రశ్న ముఖ్యము. పైకవచము పదేండ్లు నిలిచినను లోపలి సాఫ్టువేరు పాతబడినచో బ్యాంకు యాప్‌లు పనిచేయుట మానును. అప్పుడది గట్టి ఫోను కాదు, గట్టి టార్చిలైటు మాత్రమే.

ఎవరి చేతిలో?

ఇక అసలు సంగతి. వరినాట్లు, కలుపుతీత, మిరపకాయల కోత విస్తారముగా స్త్రీల చేతిమీదుగనే జరుగుచున్నవి. తలపై తట్ట పెట్టుకొని చేపలమ్మువారు స్త్రీలు. ఇంటింటికి తిరిగి గర్భిణుల నరయు ఆశా కార్యకర్తలు స్త్రీలు. అంగన్‌వాడీ వారు 2021 నుండి పిల్లల బరువును, ఎత్తును ఫోనులోనే నమోదు చేయవలసి వచ్చెను. ఇట్లు ఎండలో వానలో తిరుగు చేతులు ఆడువారివే కాగా, మన యిండ్లలో ఆచార మెట్లున్నది? క్రొత్త ఫోను వచ్చినప్పుడది మగవారికి పోవును; వారు విడిచిన పాతది, అద్దము పగిలినది, సగము దినమునకే ఛార్జి దిగిపోవునది, ఆడువారికి వచ్చును. అంతమాత్రమైనను అందఱకును లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో తాము స్వయముగా వాడుకొను ఫోను గలవారు నూటికి సుమారు 54 మంది మాత్రమే.

పగిలిన ఫోను వట్టి చిన్నతనము కాదు. దాని పగులు వ్రేలిని కోయును. దాని సందునుండి తడి లోపలికి పోవును. చీకటి పడిన వేళ కాలువగట్టున అది మూగవోవును. సందేశము పోక, ఫోటో చేరక, దినమంతయు చేసిన పని లెక్కకు రాకపోయినచో నష్టపడునది ఆ పని చేసిన స్త్రీయే.

ఇంట ఒక్కటే గొడుగున్నపుడు ఎవరి కిత్తుము? వానలో బయలుదేరువారికే గదా! అరుగుమీద కూర్చున్నవారికి గొడుగు పట్టము. ఫోను విషయమునను ఇదే న్యాయము. గట్టి ఫోను కొనదలచిన యింట, ఎవరు సంపాదించిరి, ఎవరు పెద్దవారు అను లెక్క మాని, ఎవరు దినమునకెన్ని గంటలు ఆరుబయట నుందురను లెక్క వేయవలయును. ఆ లెక్కలో భర్తయే ముందున్నచో ఆయనకే యిండు. కోడలు ముందున్నచో కోడలికిండు. ఇచ్చినపుడు సిమ్ముకార్డు ఆమె పేరనే తీయించి, రహస్య సంఖ్యను ఆమెకే విడువుడు. అప్పుడే అది ఆమె పనిముట్టగును; లేనిచో ఎరువు తెచ్చిన కొడవలివంటిదే.

కవచము ఫోనునకు తొడిగినది. దాని రక్షణ అందవలసినది మనిషికి. క్రొత్త వస్తువు ఇంటికి వచ్చు దినమున సోదరీమణులు ఈ మాటను నలుగురిలో నెమ్మదిగా, స్థిరముగా చెప్పుదురు గాక.