శవం మీద రూపాయలట!

పెద్దకర్మ ఇంకా కాలేదు. పందిరి కింద ఊరి పెద్దమనుషులు ఇద్దరు ముగ్గురు, వాళ్ళ పక్కనే లారీ ఓనరు పంపిన మనిషి, అతని చేతిలో ఒక కవరు. "పోయినోడు ఎట్టాగూ తిరిగి రాడమ్మా. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నీకెక్కడుంది? ఇదుంచుకో, పిల్లలకు పనికొస్తది." కవరుతో పాటు ఒక కాగితం కూడా ఉంటుంది. దాని మీద సంతకమో వేలిముద్రో పడాలి. ఆమె ఒప్పుకుందా, బుద్ధిమంతురాలు. ఒప్పుకోకుండా లాయరు దగ్గరికి వెళ్ళిందా, మర్నాటి నుంచి అరుగుల మీద ఒకటే మాట: "మొగుడి శవం మీద రూపాయలు ఏరుకుంటోంది."

కవరు తెచ్చినవాడి మీద నాకు పెద్దగా కోపం లేదు, వాడి లాభం వాడు చూసుకున్నాడు. నా కోపమంతా ఆ అరుగుల మీద మాట మీదే. ధర్మం వేషం కట్టుకుని తిరిగే ఆ మాట వల్ల బాగుపడింది ఇన్నాళ్ళూ బండి ఓనర్లూ బీమా కంపెనీలే.

"ప్రాణానికి వెల కడతారా?" అని గుండె మీద చెయ్యి వేసుకుని అడుగుతారు. ఒకప్పుడు ఇంగ్లండు న్యాయస్థానాలు కూడా దాదాపు ఇదే మాట అన్నాయి. మనిషి చావు మీద సివిల్ దావా నడవదని 1808లో అక్కడ తీర్పు వచ్చింది. అంటే కాలు విరగ్గొడితే పరిహారం కట్టాలి, చంపేస్తే కట్టనక్కర్లేదు. రైళ్ళు వచ్చి జనం చావడం పెరిగాక 1846లో చట్టం చేసి ఆ ఘోరాన్ని సరిదిద్దుకున్నారు. 1855లో మన దేశానికీ అలాంటి చట్టమే వచ్చింది. నూట డెబ్బై ఏళ్ళ కిందట చట్టం వదిలేసిన మాటను మనం ఇంకా పరామర్శల్లో వాడుతున్నాం.

ఇంతకీ కోర్టులో ప్రాణానికి వెల కట్టే పనే జరగదు. మోటారు వాహన ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ అని పేరు పెద్దదే గానీ, మన జిల్లాల్లో ఆ పని చేసేది జిల్లా జడ్జి, అదనపు జిల్లా జడ్జి కోర్టులే. అక్కడ అడిగేవి ఇంటి లెక్కలు. అతను నెలకు ఎంత తెచ్చేవాడు? అందులో తన ఖర్చెంత? మిగతాదాని మీద బతికేవాళ్ళు ఎందరు? చనిపోయేనాటికి వయసెంత?

ఒక తాపీ మేస్త్రిని అనుకుందాం. ముప్ఫై నాలుగేళ్ళు, నెలకు 15,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. బతికుంటే సంపాదన పెరిగేది కాబట్టి, సొంతపని చేసుకునే నలభై లోపు మనిషికి 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేథీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది 21,000 అవుతుంది. ఆధారపడినవాళ్ళు నలుగురు కాబట్టి అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 15,750. ఏడాదికి 1,89,000. 2009 నాటి సరళా వర్మ తీర్పులోని పట్టిక ప్రకారం ఆ వయసుకు గుణకం 16. గుణిస్తే 30,24,000 రూపాయలు. భార్యాబిడ్డలూ తల్లీ కోల్పోయిన సాహచర్యానికి, అంత్యక్రియల ఖర్చులకు వచ్చేది దీనికి అదనం.

ఇప్పుడు ఆ కవరులో ఎంతుందో చూడండి. లక్షన్నర, రెండు లక్షలు. ఆ పందిరి కింద జరిగిన దాన్ని రాజీ అంటారా, ఇంకేమైనా అంటారా?

బీమా కంపెనీ లాయరు మాత్రం "చచ్చినవాడి కళ్ళు చారెడు" అన్నట్టే వాదిస్తాడు. మేస్త్రికి అంత సంపాదన ఎక్కడిది, రుజువేది అంటాడు. కూలీనాలీ చేసేవాళ్ళకు జీతం చీటీ ఉండదు కాబట్టి జడ్జి ఒక్కోసారి ఆదాయం తగ్గించి లెక్క కడతాడు. తగ్గించినా కవరులో మొత్తంతో పోలికే ఉండదు. నేరం కేసులో లాగా అనుమానానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదని, జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని తేలితే చాలని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది.

చనిపోయింది ఇల్లాలైతే ఈ ధర్మపన్నాలు ఇంకా రెచ్చిపోతాయి. "ఆమె ఏం సంపాదించింది గనక?" తెల్లారుజామున లేచి నీళ్ళు పట్టి, వండి, పిల్లల్ని బడికి పంపి, అత్తకు మందులిచ్చి, గేదెల పని చూసిన మనిషి ఊరికే కూర్చున్నట్టు లెక్క. ఆడవాళ్ళు జీతం లేని ఇంటిపనికి సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 నాటి ప్రభుత్వ సర్వే తేల్చింది. 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ ఈ అంకెలనే ముందు పెట్టి, ఇల్లాలి పనికి ఆదాయం లెక్కగట్టడం దయ కాదని, ఆ పనికి గుర్తింపు అని వివరంగా రాశారు. మన ఉమ్మడి కృష్ణా జిల్లా పల్లె నుంచి వెళ్ళిన న్యాయమూర్తి రాసిన మాట మన పల్లెలకే ఇంకా చేరలేదు.

ఇంకో మాట వింటుంటాను: "పాపం, లారీ ఓనరు ఎక్కడి నుంచి తెస్తాడు?" బీమా ఉంటే ఓనరు జేబు నుంచి తేనక్కర్లేదు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది ఇందుకే. 2022లో ఖరారైన రేటు ప్రకారం 75 నుంచి 150 సీసీ బైకుకు ఏడాదికి 714 రూపాయలు. మన మేస్త్రికి ఓ బైకు ఉంటే ఆ డబ్బు అతనూ ఏటా కడుతూనే వచ్చాడు, తన వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగితే వాళ్ళ ఇల్లు రోడ్డున పడకూడదని. అదే ఏర్పాటు నుంచి అతని పెళ్ళాం తన వాటా అడిగితే పాపమెట్లా అయింది? డ్రైవరుకు లైసెన్సు లేదనో మరో షరతు తప్పాడనో తేలినా చాలా కేసుల్లో కంపెనీయే ముందు చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తున్నాయి. బండికి అసలు బీమాయే లేనప్పుడు మాత్రం భారం ఓనరు మీదే. కవరు అంత తొందరగా పందిరి కిందికి రావడానికి చాలాసార్లు కారణం అదే.

అసలు ప్రమాదం కవరులోని తక్కువ డబ్బు కూడా కాదు, పక్కనున్న కాగితం. అందులో చాలాసార్లు "మావాడే అడ్డం వచ్చాడు" అనే వాక్యం ఉంటుంది. స్టేషన్లో కూడా అదే వాంగ్మూలం ఇమ్మంటారు. పైన చెప్పిన లెక్కన అడిగే క్లెయిముకు డ్రైవరు నిర్లక్ష్యమే పునాది. ఆ ఒక్క వాక్యంతో పునాది కూలుతుంది. రాజీ అయితే కేసు పోతుందన్నదీ అబద్ధమే. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం ఇరుపక్షాలూ కలిసి మాఫీ చేసుకోగలిగింది కాదు.

ఎదుటివాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. కేసులు ఏళ్ళు పడతాయి. ఆస్పత్రి మార్చురీ దగ్గరే విజిటింగ్ కార్డులు పంచి, వచ్చినదాంట్లో శాతం గుంజుకునే లాయర్లున్నారు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. దొంగ క్లెయిములూ ఉన్నాయి, వాటి మీద దర్యాప్తు బృందాలు వేయాల్సి వచ్చింది. అయితే ఏం చేద్దాం? బియ్యంలో రాళ్ళున్నాయని వండటం మానేస్తామా? ఆలస్యానికి మందు వేళకు దాఖలు చేయడం, అవార్డు మీద వడ్డీ అడగడం. "డబ్బు చేతికొస్తే ఆమె నిలుస్తుందా" అనే గుసగుసలకూ జవాబుంది. మైనర్ల వాటాను కోర్టు బ్యాంకు డిపాజిట్లో వేయిస్తుంది.

పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి పనికి పోయి పరాయి రాష్ట్రపు రోడ్డు మీద చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఒక విషయం తెలియాలి. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి కేసు వేయనక్కర్లేదు. మీరుండే చోటనే వేయొచ్చు. ఆలస్యం మాత్రం చేయొద్దు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఆరు నెలల గడువు మళ్ళీ పెట్టారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ గడువు చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు ముందుంది. అది తేలేదాకా చూద్దామని ఎవరూ కూర్చోవద్దు. గుద్దిన బండి దొరక్కుండా పోయినా ప్రభుత్వ పథకం కింద మృతుడి కుటుంబానికి రెండు లక్షలు వస్తాయి.

2022 ఒక్క ఏడాదిలోనే ఈ దేశపు రోడ్లు 1,68,491 మందిని మింగాయి. వాళ్ళలో ఎవరో ఒకరి ఇంటికి మీరు పరామర్శకు వెళ్ళే ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు "పోయినోడు తిరిగి రాడు" అనకండి, ఆ సంగతి ఆమెకు తెలుసు. బండి నంబరు రాసిపెట్టండి, ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు తెచ్చిపెట్టండి. ఆమెను వెంటబెట్టుకుని జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్ళండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.