కౌలు చాలదు, వాటా కావాల

రాయలసీమకు వాన ఎగ్గొట్టేది గాలే. నైరుతి మేఘం తన నీళ్లన్నీ పడమటి కనుమల అవతల కుమ్మరించి, ఇటుపక్కకు వట్టి చేతులతో దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పొడిగాలి కడప, కర్నూలు, అనంతపురం మెట్టల మీద ఈడ్చి కొడుతుంది. శెనక్కాయ చేను వాడేది, చెరువులో ఉన్న నాలుగు నీళ్లూ ఆవిరయ్యేది దాని దెబ్బకే. తాతల కాలం నుంచి ఆ గాలిని తిట్టుకుంటూ బతికినాం. ఇప్పుడు అదే గాలి ఫ్యాన్లు తిప్పి, కరెంటుగా మారి కోట్లు పండిస్తోంది. పంట ఇంటికి చేర్చుకునేది మాత్రం మనం కాదు. ఊరి మీద వీచే గాలిని అమ్ముకుని ఊరికి కౌలు విదిలించడం పచ్చి దోపిడీ. దానికి 'గ్రీన్' అని పేరు పెట్టినంత మాత్రాన రంగు మారదు.

లెక్క చూద్దాం. 2 మెగావాట్ల ఫ్యాను ఒకటి నూటికి 23, 24 పాళ్ల సామర్థ్యంతో తిరిగితే ఏడాదికి దాదాపు 41 లక్షల యూనిట్లు. యూనిట్ 4 రూపాయల 84 పైసలకు ఒప్పందం రాసుకున్న కంపెనీకి ఏటా రెండు కోట్లకు కాస్త అటూ ఇటూ. మరి నేల ఇచ్చినోడికి? ప్రభుత్వ భూమికి ఏటా ఎకరాకు 31 వేలు కౌలు అని 2024 నాటి రాష్ట్ర క్లీన్ ఎనర్జీ పాలసీ అంటోంది. ఆ లెక్కే పట్టా భూమికీ కట్టి, ఫ్యాను కింద మూడెకరాలు అనుకున్నా లక్ష రూపాయలు కూడా రావు. ఆ రెండు కోట్లూ లాభం కాదు, నాకూ తెలుసు. బ్యాంకు కంతులు, ఇన్సూరెన్సు, రిపేర్లు పోతాయి. అప్పు పన్నెండు పదమూడేళ్లలో తీరుతుంది, ఫ్యాను పాతికేళ్లు తిరుగుతుంది. ఆ వెనకటి సగం ఎవరిది?

2019లో ఈ ధర మీదే పెద్ద రచ్చ అయింది. గాలి కరెంటుకు 4.84 ఎక్కువ, 2.43 చాలని అప్పటి ప్రభుత్వం పట్టుబట్టింది. కంపెనీలు హైకోర్టుకు పోయాయి. ఒప్పందంలో రాసిన ధరే కట్టాలని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తేల్చింది. మూడేళ్లు పేపర్లు, టీవీలు, లాయర్లు దాని మీదే పడి దొర్లినారు. నువ్వు దోచావంటే నువ్వు దోచావనుకున్నారు. ఆ రచ్చలో ఆస్పరి రైతు పేరు గానీ, పత్తికొండ పంచాయతీ పేరు గానీ ఎవరి నోటా రాలేదు. యూనిట్ 4.84 అయినా 2.43 అయినా అందులో ఊరికొచ్చే వాటా సున్నాయే కాబట్టి, వాళ్లను పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ తట్టలేదు.

ఒక ఫ్యాను కాళ్లకాడికి పోయి నిలబడి చూడండి. నల్లరేగడిని చీల్చి వేసిన ఎర్రమట్టి రోడ్డు, గుయ్‌మంటున్న ట్రాన్స్‌ఫార్మరు, ఇనుప మెట్లు, మెట్ల పైన తాళం వేసిన తలుపు. యూనిఫాం వేసుకుని స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ ఆ ఊరి పిల్లోడే. 'రోజుకు ఎన్ని యూనిట్లు వస్తాయి అబ్బీ?' అని అడిగితే, 'నాకేం తెలుసన్నా, మీటరు లోపల ఉంటాది, తాళం ఆఫీసోళ్ల కాడ ఉంటాది' అన్నాడు. వాళ్ల నాయన సేద్యం చేసిన చేనే అది. పాల కేంద్రంలో లీటరు ఎంతో, వెన్న శాతం ఎంతో చీటీ రాసిచ్చే కాలంలో, మన నెత్తిన తిరిగే యంత్రం ఎంత పిండిందో మనకు చెప్పే దిక్కు లేదు.

కల్పవల్లి కథ అందరికీ తెలియాలి. పాత అనంతపురం జిల్లా ముష్టికోవెల దగ్గర, 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ తోడుతో, ఊళ్ల వాళ్లు వేల ఎకరాల బోడి గుట్టల్ని కాపలా కాసి మళ్లీ అడవి చేసుకున్నారు. గొర్రెలకు మేత దొరికింది, చీపురు గడ్డి దొరికింది, వంకల్లో నీళ్లు కనబడ్డాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరే. బంజరంటే ఎవరికైనా రాసివ్వచ్చు. నల్లకొండ పేరుతో 50.4 మెగావాట్ల ప్రాజెక్టు వచ్చింది, గుట్టల్ని కోసి రోడ్లు వేసినారు. మేత పోయింది, మట్టి వంకల్లోకి జారుతోందని ఊళ్లోళ్లు మొత్తుకున్నారు. అదే ప్రాజెక్టు పర్యావరణానికి మేలు చేస్తున్నందుకు కార్బన్ క్రెడిట్ల పథకంలోకి ఎక్కింది! అడవి పెంచినోడికి దుమ్ము, అడవి కోసినోడికి సర్టిఫికెట్.

ఇక మన పెద్దమనుషుల పాత పాట: 'పల్లెటూరోళ్లు ఫ్యాన్లు పెట్టగలరా?' పెట్టినారయ్యా. కోయంబత్తూరు జిల్లా ఒడందురై పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొనింది. ఖర్చు కోటిన్నర పైమాట. 40 లక్షలు పంచాయతీ కూడబెట్టిన సొమ్ము, తక్కినది బ్యాంకు అప్పు. పంచాయతీ వాడకం పోను మిగిలిన కరెంటును తమిళనాడు విద్యుత్ బోర్డుకు అమ్మింది. తమ ఊళ్లో చాలినంత గాలి లేదని ఉడుమలపేట పక్క నిలబెట్టుకున్నారు, అదీ వాళ్ల మొండితనం. మనకు నట్టింట్లోకి గాలి కొడుతోంది, మనం వాచ్‌మన్ ఉద్యోగానికి సిఫారసు ఉత్తరాలు పట్టుకుని తిరుగుతున్నాం.

ఇంకొకరు గొంతు తగ్గించి అంటారు: 'ఫ్యాక్షన్ ఊళ్లలో సంఘాలు నడుస్తాయా?' ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా ఆడోళ్లు పొదుపు సంఘాల్లో ఏళ్ల తరబడి రూపాయి రూపాయి కూడేసి, అప్పు తెచ్చి, కంతు తప్పకుండా కట్టింది ఈ ఊళ్లలోనే. సింగిల్ విండో సొసైటీలు నాయకుల జేబుల్లోకి పోయిన మాట నిజమే. ఆ జబ్బుకు మందుగానే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది, అందులో సర్కారు పెత్తనానికి తావు తక్కువ. కరెంటు సంఘం కొత్త వింతేమీ కాదు. సిరిసిల్లలో 1970 నుంచి సహకార సంఘమే కరెంటు పంచుతోంది, డైరెక్టర్లను వాడకందార్లే ఓట్లేసి ఎన్నుకుంటారు.

చట్టంలోనూ దోవ ఉంది. 2005 విద్యుత్ నియమాల ప్రకారం సహకార సంఘం సొంత వాడకానికి ప్లాంటు పెట్టుకోవచ్చు, సభ్యులంతా కలిపి 51 శాతం వాడుకుంటే చాలు. మరి అడ్డెక్కడ? 2017లో కేంద్రం గాలి కరెంటుకు వేలం పద్ధతి తెచ్చి, రాష్ట్రం లోపలి వేలానికే కనీసం 25 మెగావాట్లని గీత గీసింది. ఒకటి రెండు ఫ్యాన్ల సంఘం ఆ గుమ్మం కూడా తొక్కలేదు. అదే కేంద్రం 2019లో కుసుమ్ పథకం కింద, అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల దాకా సోలార్ ప్లాంట్లు రైతు సంఘాలూ పంచాయతీలూ పెట్టుకోవచ్చంది, ఆ కరెంటు డిస్కం కొంటుందంది. ఎండకున్న హక్కు గాలికి ఎందుకు లేదు? ఎండ చిన్నోళ్లది, గాలి పెద్దోళ్లది అని ఏ శాస్త్రంలో రాసుంది?

ఫ్యానుకు మెగావాట్‌కు ఆరేడు కోట్లు కావాలి, ఒప్పుకుంటాను. పొదుపు సంఘాలొక్కటే మోయలేవు. దీనికి డెన్మార్క్ ఒక దోవ చూపింది. కొత్త గాలిమర పెట్టేవాడు కనీసం 20 శాతం వాటా చుట్టుపక్కల జనానికి అసలు ధరకే కొనుక్కొమ్మని చూపాలని 2008లో చట్టం చేసింది, 2020 దాకా ఆ నియమం నడిచింది. మనకు ఇంకో మెట్టు అవసరం. ఆ వాటాకు పెట్టుబడి సర్కారు పూచీ మీద అప్పుగా రావాలి, ఫ్యాను సంపాదించే డబ్బుతోనే తీరాలి. కంపెనీకి రాయితీలు ఇచ్చే చేతికి ఇది బరువేమీ కాదు.

అదను కూడా ఇదే. 1990ల నడుమ రామగిరిలో నిలబెట్టిన తొలి ఫ్యాన్లు ముసలివయ్యాయి. పాతవి పీకి పెద్దవి పెట్టడానికి కేంద్రం విధానం ఇప్పటికే రాసిపెట్టింది. మంచి గాలి పడే గుట్టలు అవి. వాటి మీద రెండో దఫా ఒప్పందం ఊరి వాటా లేకుండా కుదరకూడదు.

విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు ఇప్పుడు కర్నూల్లోనే ఉంది. బహిరంగ విచారణకు ఎవరైనా పోవచ్చు, అభ్యంతరం రాసివ్వచ్చు. రాబోయే విచారణకు ఫ్యాన్లున్న ప్రతి ఊరూ గ్రామసభ తీర్మానం చేసి పట్టుకుపోవాల. ఒక్కో ఫ్యాను నెలకు ఎన్ని యూనిట్లు ఇచ్చిందో పంచాయతీ బోర్డు మీద రాయాల. కొత్త ఫ్యానులో ఐదో వంతు ఊరిది కావాల. సంఘం పెట్టే ఒకటి రెండు ఫ్యాన్ల కరెంటు వేలం లేకుండా డిస్కం కొనాల. ఈ మూడూ తేలేదాకా కొత్త కౌలు కాగితం మీద ఒక్క రైతు కూడా వేలిముద్ర వేయకూడదు.