దిద్దే ముందు చదవండి

బాగలూరు, బేరికె, సూలగిరి, డెంకణికోట, తళి, వేపనపల్లి. ఈ పక్క ఊళ్లలో ఎవరైనా ఒక కుర్రవాడు గానీ ఆడపిల్ల గానీ తెలుగులో కత రాసి పదిమంది ముందు చదివితే, ఆ కాగితాల వెనక ఏముందో ముందు తలచుకోవాలి. ఇంట్లో తెలుగు. వీధిలో, బస్సులో, తాలూకా ఆఫీసులో తమిళం. రాష్ట్ర సరిహద్దు దాటి అత్తిబెలెకు పోతే కన్నడం. కంపెనీలో పనికి చేరితే ఇంగ్లీషు, హిందీ. బడిలో మాత్రం తెలుగు ఏటేటా సన్నబడుతోంది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తెచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకింది. తెలుగు ఐచ్ఛిక పాఠంగా పక్కకు జరిగింది. తమిళం నేర్చుకోవడం మన పిల్లలకు మేలే, ఈ నేల భాష అది. అమ్మ మాటను రాయడం, చదవడం చేతకాకుండా పోవడమే నష్టం. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు ఇక్కడ చాలామందికి కళ్లు చెమర్చాయి. అది పండగే. కానీ పార్లమెంటులో వినబడిన తెలుగును ఇంట్లో చదవగలిగే మనిషి కూడా ఉండాలి కదా.

అలాంటి చోట ఒకరు కత రాశారు. చదివారు. చదివి తలెత్తి మన వైపు చూశారు. అప్పుడు మనం ఏమంటాం? ఈ సంపాదకీయం ఆ ఒక్క నిమిషం గురించే.

మామూలుగా రెండు మాటలు వినబడతాయి. ఒకటి: "బాగా రాసినావు పాపా, దేవుడు నిన్ను ఇంకా వాడుకుంటాడు." ఒక శాలువా, ఒక ఫొటో, తరువాత టీ. రెండోది, వెనక వరుసలో కూర్చున్న పెద్దాయన లేచి చెప్పే మాట: "భావం మంచిదే గానీ భాష చూసుకోవాలి. తప్పులు చాలా ఉన్నాయి." ఆయన చేతిలో ఎర్ర పెన్ను ఉంటుంది. మొదటి మాట ప్రేమగా, రెండోది కటువుగా తోస్తుంది. మా దృష్టిలో రెండింటికీ తేడా తక్కువ. రెండు మాటలూ కత చదవకుండానే అనేయవచ్చు. శాలువా కప్పినవారికి కతలో అమ్మ పేరు గుర్తుండదు, ఎర్ర పెన్ను పెద్దాయనకు ఆ అమ్మ ఎందుకు ఏడ్చిందో గుర్తుండదు.

పెద్దాయన చెప్పిన "తప్పులు" మాత్రం విప్పి చూడదగినవి. వాటిలో రెండు రకాలు కలిసిపోయి ఉంటాయి. మొదటి రకం నిజంగానే తప్పులు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ట-డ, త-ద, ప-బ జంటలూ అంతే. ఎక్కడ ఎలా పలకాలో చదివేవాడికి అలవాటుతో తెలుస్తుంది. పదేళ్లు ఆ లిపిలో చదివిన పిల్ల తెలుగులో రాసేటప్పుడు అక్షరాలు తడబడతాయి, ఒత్తులు జారిపోతాయి. "అమ్మ నెత్తిన గంప పెట్టుకొని సంతకు పోయింది" అని రాయబోయి "కంప పెట్టుకొని" అని రాస్తుంది. (ఆదివారం బడి పిల్లలైతే ముళ్లకిరీటం అనుకున్నా అనుకుంటారు.) ఇలాంటివి దిద్దాల్సిందే. అయితే ఇది సభలో లేచి చెప్పే సంగతి కాదు. పక్కన కూర్చుని పెన్సిలుతో సున్నా చుట్టి, ఎందుకు తడబడిందో కూడా చెబితే పది నిమిషాల పని. ఆ పిల్ల తెలివితక్కువది కాదని, రెండు లిపుల మధ్య నడుస్తోందని ముందు మనకు తెలియాలి.

రెండో రకం అసలు తప్పులే కావు. ఎనుము అని రాస్తే గేదె అని దిద్దుతారు. దుడ్లు అంటే డబ్బులు అని, కసువు అంటే చెత్త అని, రాసినాను అంటే రాశాను అని మారుస్తారు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు తెరిచి చూడండి, ఎనుము అందులో దర్జాగా కూర్చుని ఉంటుంది. మన అవ్వ పాలు పితికిన ఎనుము మీద కోస్తా గేదె బొమ్మ అతికిస్తే భాష బాగుపడదు. ఒక ఊరివాళ్ల నోటిమాట ఒప్పు, ఇంకో ఊరివాళ్లది తప్పు అని చెప్పినట్టు అవుతుంది. ఎవరి నోట వచ్చిన మాట గౌరవమైనది, ఎవరిది మోటు అనే ప్రశ్న భాషది మాత్రమే కాదు. కులం, భూమి, చదువు ఎవరి దగ్గర పోగుపడ్డాయో ఆ లెక్కే అక్కడా కనబడుతుంది. ఈ పత్రిక న్యాయం గురించి రాస్తుంది కనుక ఆ లెక్కను చూడకుండా పోలేదు.

ఇది కొత్త వాదమేమీ కాదు. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే జనం మాట్లాడే తెలుగు రాతకు తగదా అని పండితులను నిలదీశారు. ఆయన పర్లాకిమిడిలో సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేసిన మనిషి. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఆ సాయంత్రమే ఒక పిల్ల కతలోని ఎనుమును కొట్టేసేవాళ్లు ఉన్నారు. 1980లలో నామిని "పచ్చనాకు సాక్షిగా" చిత్తూరు పల్లె మాటలో ఆంధ్రజ్యోతిలో వచ్చింది, రాష్ట్రమంతా చదివింది. పులికాటు సరస్సు పక్క తెలుగులో "ప్రళయకావేరి కథలు" రాసిన స.వెం.రమేశ్ గారు హోసూరు ప్రాంతంలో తెలుగు కోసం తిరిగినప్పుడు ఇక్కడి యువకులకు ఇంటి మాటలోనే రాయమని ధైర్యం చెప్పారు. "మొరసునాడు కథలు" సంకలనం చదివినవారికి ఆ ధైర్యం ఎక్కడికి చేరిందో తెలుసు. మొరసునాడు అంటే మనమే. హోసూరు, కృష్ణగిరి, కోలారు, కుప్పం, మదనపల్లె. గీతలు రాష్ట్రాలకు గీశారు గానీ సంగటి ముద్దకు గీయలేదు.

విమర్శ పేరుతో మనిషిని కొట్టడం ఎలా ఉంటుందో మనకు జాషువా గారి జీవితం చెబుతుంది. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవిని అక్కడే ఒక అవధాన సభలో, తక్కువ కులంవాణ్ణి లోపలికి ఎందుకు రానిచ్చారంటూ అవమానించారు. పద్యంలో యతి తప్పిందని గానీ భావం బలహీనంగా ఉందని గానీ అక్కడ ఎవరూ అనలేదు. ఆ కతలో రెండో సగాన్ని మన సంఘాల్లో తక్కువగా చెప్పుకుంటాం. హిందూ పురాణాల కతలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు ఆయన కుటుంబాన్ని వెలివేశారు. వాళ్లూ పద్యం చదవలేదు, పేరు చూశారంతే. ఆయన చేతిలో మాత్రం పద్యం పదునెక్కుతూనే పోయింది. 1941లో "గబ్బిలం" వచ్చింది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో "క్రీస్తు చరిత్ర"కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. వెలివేసిన సంఘానికి చెందిన క్రీస్తు గురించే ఆయన రాశాడన్నది మన చరిత్రలో మింగుడుపడని ముద్ద.

జాషువా ఎవరి జాలీ అడగలేదు. ఈ సంగతి ఇప్పుడు మనకు ఎక్కువ అవసరం. ఎందుకంటే అవమానించే విమర్శ తగ్గుతున్న చోట జాలి విమర్శ పెరుగుతోంది. "మంచి విషయం మీద రాశాడు, మన వర్గం పిల్లవాడు, ఇంకేమంటాం" అని ఊరుకుంటాం. రాళ్ల క్వారీ కూలీల మీద రాసిన కత నీరసంగా ఉన్నా, విషయం గొప్పది కనుక కతా గొప్పదే అనేస్తాం. ఇది ఆ పిల్లవాడిని చిన్నచూపు చూడడమే. నీ నుండి ఇంతకన్నా రాదులే అని చప్పట్ల భాషలో చెప్పడం. క్వారీ కూలీకి కూలి తక్కువ ఇవ్వడం అన్యాయమైతే, ఆయన మీద రాసిన కతకు చదువరి శ్రద్ధ తక్కువ ఇవ్వడం కూడా అలాంటిదే.

మరి ఏం చెప్పాలి? ఒక కత ఊహించుకుందాం. హోసూరు చుట్టుపక్కల గులాబీ తోటలు మనకు తెలుసు. ప్లాస్టిక్ కప్పిన షెడ్లు, ఫిబ్రవరి 14 ముందు పూలు విదేశాలకు పోయే హడావుడి. అలాంటి షెడ్డులో పూలు కోసే తల్లి గురించి కూతురు రాసింది. మొదటి పేజీలో ఉదయం వర్ణన. రెండో పేజీలో ఒక వాక్యం: అమ్మ ఇన్నేళ్లలో ఒక్క విరిగిన గులాబీ కూడా ఇంటికి తేలేదు. మూడో పేజీలో మేస్త్రీ అదనపు గంటల కూలి ఎగ్గొడతాడు. చివరి పేజీలో మేస్త్రీ ఆదివారం ప్రసంగం విని, కన్నీళ్లతో వచ్చి క్షమాపణ అడుగుతాడు. అమ్మ క్షమిస్తుంది. కత ముగుస్తుంది.

ఈ కతకు "ఆమెన్" అనడం సులువు. "ఉదయం వర్ణన పాతగా ఉంది" అనడం కూడా సులువే. మేమైతే ముందు ఆ రెండో పేజీ వాక్యం దగ్గర ఆగుతాం. "ఇక్కడ నీ కత ఉంది పాపా. అమ్మ ఎందుకు తేలేదు? గేటు దగ్గర సంచీ వెతుకుతారా, లేక ఆ పువ్వంటేనే ఆమెకు రోతా? ఈ ఒక్క వాక్యంతో వదిలేశావు, మాకు ఇంకాసేపు ఇక్కడే ఉండాలనిపించింది." తరువాత చివరి పేజీ. "మేస్త్రీ ఏడ్చాడు, సరే. దుడ్లు ఇచ్చాడా? ఎన్ని గంటలు, ఎంత కూలి? ఎవరు లెక్కపెట్టారు? అమ్మ క్షమించే ముందు ఏం ఆలోచించింది?" ఈ ప్రశ్నలు కత మీద దాడి కావు. కత తానే లేపి, జవాబివ్వకుండా వదిలేసిన ప్రశ్నలు. మన క్రైస్తవ కతలూ నాటికలూ చాలావాటికి ఇదే జబ్బు. క్రిస్మస్ నాటికలో పాపి మారిపోగానే తెర పడుతుంది, బాకీ మాత్రం తీరదు. జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడని మనం ప్రసంగాల్లో చెబుతాం. మన నాటికల్లో జక్కయ్య ఏడుస్తాడు గానీ లెక్క తేల్చడు. ఈ మాట రాసిన పిల్లకు చెప్పకపోతే మనం ఆమెకు చేసిన సాయం ఏమీ లేదు.

ఎలా చెప్పాలన్నదానికి అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఒక చక్కని సంగతి ఉంది. అలెక్సంద్రియవాడైన అపొల్లో గొప్ప వక్త. ఎఫెసు సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడాడు. కానీ ఆయనకు యోహాను బాప్తిస్మం వరకే తెలుసు. ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు డేరాలు కుట్టి బతికేవారు. వాళ్లు ముందు ఆయన మాట పూర్తిగా విన్నారు. సభలో లేచి నిలబడలేదు. తమ దగ్గరకు చేర్చుకుని, ఆయనకు తెలియని మిగతా సగం వివరించారు. ఆయనకు వచ్చిన సగాన్ని తుడిచెయ్యలేదు. తరువాత ఆయన అకయకు పోతానంటే సహోదరులు అక్కడివారికి ఉత్తరం రాసి ఇచ్చారు. మనం తరచూ మరిచిపోయేది ఈ ఉత్తరాన్నే. దిద్దినవారికి పరిచయం చేసే బాధ్యత కూడా ఉంటుంది. ఒక కతను మూడుసార్లు తిరగరాయించి, అది ఏ పత్రికకు పంపాలో చెప్పకుండా వదిలేస్తే, రాసినవాడికి మిగిలేది అలసటే. ఇంకో సంగతి. వివరించిన దంపతుల పేర్లలో అక్కడ భార్య పేరే ముందు వస్తుంది. మన సభల్లో ఆడవాళ్లు కత గురించి మాట్లాడే వంతు టీ గ్లాసులు కడిగాక వస్తుంది.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. మన నోటి నుండి వచ్చేది సలహాగా వినబడదు, తీర్పుగా వినబడుతుంది. మనం ముందు మాట్లాడితే గదిలో మిగతావారు మన మాటనే తిప్పి చెబుతారు. అందుకే చివరన మాట్లాడటం మంచిది. అసలు ఆ తోటలో పనిచేసే ఇంకో అమ్మను ముందు అడగండి. గులాబీ ముల్లు ఏ వేలికి గుచ్చుకుంటుందో ఆమెకు తెలిసినట్టు మనకు తెలియదు. రాసినవాళ్లు మన సలహా వద్దంటే వద్దు. కత వాళ్లది. "ఆలోచిస్తాను అయ్యా" అని మూడు నెలలు ఊరుకున్నా అలగనవసరం లేదు.

ఈ పత్రికకు కతలు, పాటలు, కవితలు పంపేవారికి ఇక మీదట మేము ఇలా చేస్తాం. వేసుకున్నా వేసుకోకపోయినా ప్రతి రచనకూ జవాబు వస్తుంది. అందులో కనీసం ఒక వాక్యం మీ రచనలోనిదే ఉంటుంది, మేము ఎక్కడ ఆగామో మీకు తెలిసేలా. అక్షరదోషాలు దిద్ది ఆ ప్రతిని మీకే ముందు పంపుతాం. మాటలు మార్చం. ఎనుము ఎనుముగానే అచ్చవుతుంది. తెలియని చదువరులు ఉంటే, గేదె అని కింద చిన్న అక్షరాల్లో వేస్తాం.