ఉప్పెన వెనుదిరిగిన తరువాత

ఆపద వచ్చిన రోజున అన్నం పెట్టడం మన ప్రజలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. గంజి కేంద్రాలు వెలుస్తాయి. పాత బట్టలు మూటలుగా చేరుతాయి. విద్యార్థులు డబ్బాలు చేతబట్టి అంగడి వీధుల్లో తిరుగుతారు. ఈ ఔదార్యాన్ని మేము తక్కువ చేయబోవడం లేదు. కాని నీరు తీసిపోయి, పత్రికలు మరో వార్తకు మరలిన పిమ్మట ఆ ఇంటి పిల్లల గతి ఏమిటి? మన ఊళ్ళలోని సేవాసంఘాలు తమకు తాము వేసుకోవలసిన అసలు ప్రశ్న ఇదేనని మా అభిప్రాయం.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను తెలుగువారు మరువలేరు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన సముద్రం కృష్ణా ముఖద్వారపు పల్లెలను తుడిచివేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే మృతులు 10,000కు చేరువ. నిజసంఖ్య అంతకు ఎంతో మించినదని పలికినవారు అనేకులు. సత్తెనపల్లి నాడు గుంటూరు జిల్లాలోనిది; ఆ జిల్లాకే చెందిన రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా ఆ దెబ్బ తిన్నవి. సముద్రం దూరమైనా ఆ శోకం పల్నాటికి పరాయిది కాదు.

నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించారు. అవనిగడ్డ నాయకులు మండలి వెంకట కృష్ణారావు పునర్నిర్మాణానికి పాటుపడ్డారు. రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు చేయూతనిచ్చాయి. అనంతర కాలంలో తీరం వెంబడి తుఫాను రక్షణ భవనాలు లేచాయి. 1990 మే నెలలో మరొక ప్రచండమైన తుఫాను కృష్ణా ముఖద్వారం సమీపంలోనే తీరం దాటినప్పుడు, లక్షలాది ప్రజలను ముందుగా తరలించినందువల్ల మృతుల సంఖ్య వెయ్యికి లోపే నిలిచింది. దయ ఒక వారంతో ఆగక, శాశ్వతమైన ఏర్పాటుగా మారితే ప్రాణాలు దక్కుతాయనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

అటువంటి ఏర్పాటే పసివారికీ కావాలి. ఇంటి యజమాని పోతే ముందుగా ఆగేది పెద్దపిల్ల చదువు; ఆ తరువాత పిల్లవాడు హోటలులో కప్పులు కడగడానికి చేరుతాడు. బియ్యపు మూట ఈ పతనాన్ని ఆపలేదు. పాఠశాల రుసుము, తల్లికి ఒక కుట్టుమిషనో పాడిగేదెయో, తడిసి పోయిన రేషను కార్డుకు మారుకార్డు, మరణ ధ్రువపత్రం: ఇవి ఆపగలవు. శవం దొరకని కుటుంబానికి ఆ ధ్రువపత్రం సంపాదించడమే ఒక యజ్ఞం. దరఖాస్తు వ్రాయగల విద్యార్థి ఆ గడపలో నిలబడితే, అది వెయ్యి రూపాయల దానం కన్న మిన్న.

దిక్కులేని బిడ్డను వెంటనే అనాథాశ్రమానికి చేర్చడమే పుణ్యమని పలువురి నమ్మకం. మేము దీనితో ఏకీభవించలేము. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అట్టి బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరు పరచాలి. ఆశ్రమ నివాసం చిట్టచివరి మార్గం మాత్రమే. మేనమామ ఇంట, అమ్మమ్మ ఒడిలో పెరగగల బిడ్డను అక్కడే పెరగనిచ్చి, ఆ ఇంటికి ఆసరా కావడమే మేలు. మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం కలదు. తెలియక దానిని పొందలేనివారికి తెలియజెప్పడం స్థానిక సంఘానికి తగిన పని.

మరొక మాట. సాయం పుచ్చుకొనే పిల్లల చేత బ్యానరు పట్టించి ఫోటోలు తీయించే ఆచారం మాన్పవలసి ఉన్నది. మా ఉర్దూ మిత్రుల భాషలో ఖైరాత్ వేరు, ఇమ్దాద్ వేరు. మొదటిది బిచ్చం, రెండవది తోడ్పాటు. బిడ్డ ముఖం కాక, జమాఖర్చుల పట్టిక గోడపై అంటించండి. విశ్వాసం దానంతట అదే పెరుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీట మునిగింది. ఆ నగరం మనకు ఎంతో దూరం కాదు. ఆహార పొట్లాలు అందుకున్న పిల్లల్లో ఎందరు తిరిగి బడికి వెళ్ళారన్నది కూడా మనం అడగవలసిన లెక్కే. వావిలాల గోపాలకృష్ణయ్య గారిని శాసనసభకు పంపిన ఈ సత్తెనపల్లికి ఆడంబరం లేని ప్రజాసేవ కొత్త కాదు. ఒక్కొక్క తరగతి ఒక్కొక్క కుటుంబాన్ని మూడేళ్ళపాటు పట్టించుకొంటే చాలు. పట్టాలు పుచ్చుకొని వెళ్ళేవారు ఆ బాధ్యతను తరువాతి తరగతికి అప్పగించి వెళ్ళాలి. విద్యార్థి సోదరులు, సోదరీమణులు దీనిని ఆలోచింతురుగాక.