కర్మ తెలియక క్రియ వాడరాదు

పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయడానికి మౌసుతో రెండు నొక్కులు చాలినప్పుడు నల్లని తెరమీద ఆజ్ఞలు టైపు చేయడమెందుకని అడిగేవారున్నారు. నా అభిప్రాయం వేరు. పాఠాలు, పద్యాలు, పాత ఛాయాచిత్రాలు పెన్‌డ్రైవులలో దాచుకొనే నా వయసువారు ఈ పనిని ఒక్కసారైనా కమాండ్ ప్రాంప్టులో స్వయంగా చేసి చూడాలి. సౌకర్యం కోసం కాదు. చెరిపివేయడమంటే ఏమిటో తెలియడం కోసం.

విండోసులో క్రమం ఇది. కమాండ్ ప్రాంప్టును అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరచి డిస్క్‌పార్ట్ అని టైపు చేయాలి. లిస్ట్ డిస్క్ అంటే యంత్రానికి తగిలించి ఉన్న డిస్కులన్నీ వరుస సంఖ్యలతో, పరిమాణాలతో కనిపిస్తాయి. సెలెక్ట్ డిస్క్ అని, దానికి కావలసిన సంఖ్యను చేర్చాలి. తరువాత క్లీన్. ఆపైన క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ, ఫార్మాట్, అసైన్. ఫార్మాటుకు ఫ్యాట్32 ఎంచుకుంటే 4 జీబీ గల ఒక్క ఫైలు కూడా అందులో పట్టదు. పెద్ద వీడియోలు దాచుకొనేవారికి ఎక్స్‌ఫ్యాట్ మేలు.

ఇందులో క్లీన్ అన్న మాటను గమనించండి. అది సకర్మక క్రియ. దాని కర్మ మాత్రం ఆ వాక్యంలో లేదు, ముందరి వాక్యంలో ఉన్నది. ‘నిజమేనా’ అని అది మరల అడగదు. విండోసు నడుస్తున్న డిస్కునైతే తాకనివ్వదు గాని, పక్కనే తగిలించిన మరో డిస్కుకు ఆ రక్షణ లేదు. మనం ఏళ్ళ తరబడి కూర్చుకున్న ప్రతులు తరచు ఉండేది అందులోనే. కనుక అక్కరలేని డిస్కులను ముందే ఊడదీయాలి. పరిమాణం సరిచూడాలి. 16 జీబీ అని ముద్రించినది తెరమీద 14 గానో 15 గానో కనబడితే కలవరపడనక్కరలేదు. తయారీదారులు వేయితో లెక్కిస్తే విండోసు 1024తో లెక్కిస్తుంది. సందేహం తీరకపోతే డిటైల్ డిస్క్ అంటే దాని పేరు కూడా చెబుతుంది. లినక్సులోనైతే ఎస్‌డీబీకి, ఎస్‌డీసీకి భేదం ఒక్క అక్షరమే. అచ్చుతప్పుకు ఇంతటి శిక్ష మరే రచనలోనూ లేదు.

ఇంత ప్రమాదమున్నదానిని పెద్దవారికి చెప్పడమేల అనవచ్చు. మౌసు చెరిపినా పోయేది అదే సొత్తు. అక్కడ హెచ్చరిక వస్తుంది, నిజమే. దానిని చదవకుండానే ఓకే నొక్కడం మనకు అలవాటైపోయింది. ఆజ్ఞ టైపు చేసేవాడు ప్రతి పదమూ కూడబలుక్కోక తప్పదు. పైగా లినక్సు స్థాపనకు వాడిన పెన్‌డ్రైవు తరువాత తన అసలు పరిమాణం చూపక, పాడైపోయినట్లు కనిపించడం కద్దు. దానిని పారవేయనక్కరలేదు, తరచు క్లీన్‌తోనే అది దారికి వస్తుంది.

మరొక్క మాట. క్విక్ ఫార్మాట్ అంటే పుస్తకంలోని విషయసూచికను మాత్రమే చించివేయడం. పుటలు అక్కడే ఉంటాయి. తెలిసినవాడు వాటిని వెలికితీయగలడు. విద్యార్థుల మార్కుల పట్టికలు, ఆధార్ ప్రతులు ఉంచిన పెన్‌డ్రైవును క్విక్ ఫార్మాట్ చేసి ఇతరులకు ఇవ్వడం భద్రం కాదు. డిస్క్‌పార్టులోని క్లీన్ ఆల్ మొత్తం మీద సున్నలు రాస్తుంది. ఎక్కువ సమయం పడుతుంది. మరీ గోప్యమైనవి ఉంటే పెన్‌డ్రైవును ఎవరికీ ఇవ్వకపోవడమే ఉత్తమం.

ఇక ఉంచుకోదగినవి ఉంటే ముందే వేరొకచోటికి ప్రతి తీయండి. తీసి ఊరుకోక, ఆ ప్రతిని మరో యంత్రంలో తెరచి నాలుగు పుటలు చదవండి. చదవగలిగిన తరువాతనే పాతదానిని చెరపండి. ఆ పనిని దుకాణంలోని కుర్రవాడికో మనుమడికో అప్పగిస్తే వారు వేగంగానే చేస్తారు. కాని అందులో ఏది విలువైనదో వారికి తెలియదు, మనకే తెలుసు.