బిరడా తీయని రసికులు

మద్యం సంగతి మనకెందుకమ్మా అని మొహం చిట్లించకండి. తాగేవాళ్ళ జోలికి నేను పోవడం లేదు. కొని, దాచి, చస్తే తాగనివాళ్ళతోనే నా పేచీ అంతా. పరమాన్నం వండించి, వెండిగిన్నెలో పోయించి, బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళుంటే మనం నవ్వమూ? ఫ్రాన్సు దేశపు పాత ఎర్రవైను సీసాలు పోగుచేసే కోటీశ్వరుల్లో అలాంటివాళ్ళు ఉన్నారు. వాళ్ళను మాత్రం లోకం ‘రసికులు’ అంటుంది!

వైనుకు వయసు రావాలి, కాదనను. బోర్డో ప్రాంతపు మేలురకం ఎర్రవైను కొత్తలో నోరు పట్టేసేంత వగరు. చల్లని చీకటి నేలమాళిగలో పదీ ఇరవై ఏళ్ళు ఉంచితే ఆ వగరు మెత్తబడి, కొంత మడ్డిగా అడుక్కు దిగుతుంది. బిరడా తడి ఆరకుండా సీసాను పడుకోబెడతారు. ఇంత తంటా ఎందుకండీ? ఒకనాడు తెరిచి తాగడానికేగా! పైగా ఎంత గొప్ప వైనైనా అదను దాటితే చప్పబడిపోతుంది.

1985 డిసెంబరులో లండన్‌లో క్రిస్టీస్ వారి వేలంలో 1787 నాటి లాఫీత్ వైను సీసా ఒకటి 1,05,000 పౌన్లకు పోయింది. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్‌దన్నారు. గాజుమీద ఆయన పొడి అక్షరాలున్నాయి. పాడుకున్న ఫోర్బ్స్ కుటుంబంవారు దాన్ని దీపాల కింద ప్రదర్శనకు నిలబెట్టారు. ఆ వేడికి బిరడా ఎండి సీసాలోకే జారిపోయింది! అలాంటి అక్షరాల సీసాలే కొన్న బిల్ కోక్ అనే మరో ధనికుడు తర్వాత పరీక్ష చేయిస్తే, ఆ అక్షరాలు ఈ కాలపు కరెంటు పనిముట్టుతో చెక్కినవని నిపుణులు తేల్చారు. అసలు జెఫర్సన్ మాత్రం ఫ్రాన్సులో రాయబారిగా ఉండగా వైను తెప్పించుకున్నది భోజనాల బల్ల మీదికి!

“డబ్బు వాళ్ళది, సరదా వాళ్ళది, మధ్యన మీకేం?” అంటారా? తెరవని సీసా ప్రామిసరీ నోటుతో సమానం. ఫోర్జరీకి అంతకన్నా అనువైంది ఏముంది? 2008లో న్యూయార్క్ వేలానికి బర్గండీకి చెందిన పోన్సో వారి ‘క్లో సాన్ దెనీ’ వైను, 1945 నాటిదంటూ వచ్చింది. పోన్సోగారే స్వయంగా వచ్చి అడ్డుపడ్డారు. 1980లకు ముందు వాళ్ళు ఆ వైను చేయనేలేదట! వాటిని అమ్మకానికి పెట్టిన కుర్నియవాన్‌కు నకిలీ వైన్ల నేరం కింద 2014లో పదేళ్ళ జైలు పడింది. అంతమంది రసికులుండగా, ఆ సీసాల గుట్టు బయటపెట్టింది ఒక్క నాలుకైనా కాదు, లేబులు మీది అంకె!

ఒక సీసాలో మహా అయితే ఆరు గ్లాసులు. పదిహేనేళ్ళు ఓపిక పట్టి, నలుగురు స్నేహితులను పిలిచి, బిరడా లాగి, ఆ సాయంత్రంతోనే దాన్ని పోగొట్టుకోగలిగినవాడు రసికుడు. తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగేవాడు ఒట్టి కాపలాదారు. పాపం, అతనికి జీతమైనా లేదు!